పడని బోరు కూడా పుస్తకంలో ఉండాలి

అనంతపురం జిల్లాలో బోరుకు చోటు చూసే మనుషులకు కొదవ లేదు. ఒకాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా తిరుగుతాడు. కాయ లేచి నిలబడిన చోట గుర్తుకు రాయి పెట్టిస్తాడు. ఇంకొకాయన వేపపుల్ల పట్టుకుంటాడు. వాళ్లలో ఎవరి గురించి అడిగినా ఊళ్లో ఒకటే మాట. "ఆయప్ప చూపిన చోట నీళ్లు పడకుండా ఉండవప్పా. ఫలానా వాళ్ల చేన్లో మూడించులు పడలేదా?" పడ్డాయి, నిజమే. అదే మనిషి చూపిన చోట వందల అడుగులు దించినా దుమ్ము తప్ప ఏమీ రాని బోర్లు ఎన్ని ఉన్నాయని అడిగితే మాత్రం ఎవరూ చెప్పలేరు. దాచిపెట్టాలని కాదు, గుర్తుండవు. నీళ్లు పడిన రోజు ఊరంతా చూడటానికి వస్తుంది, టెంకాయ కొడతారు, ఫోన్లో వీడియో తీస్తారు. పడని రోజు రిగ్గు బండి రాత్రికి రాత్రే ఇంకో ఊరికి వెళ్లిపోతుంది.

రోజూ డైరీ రాయమని సలహా ఇచ్చేవాళ్లు మామూలుగా రెండు కారణాలు చెబుతారు. మనసులో బరువు దిగుతుందని ఒకటి, క్రమశిక్షణ అలవడుతుందని ఇంకొకటి. రెండింట్లోనూ కొంత నిజం ఉంది, కొంత గాలిమాట ఉంది. నాకు అర్థమైనంతలో డైరీ చేసే అసలు పని పడని బోర్లను లెక్కలో ఉంచడం. మన జ్ఞాపకం తగిలినదాన్ని ఉంచుకుని తప్పినదాన్ని జారవిడుస్తుంది, గాయాన్ని ఉంచుకుని మామూలు రోజును పారేస్తుంది. పైగా ఉద్యోగం, ఇల్లు, కలలు ఈ మూడింటి విషయంలో అది పారేసేది వేరు, పారేసే వేగమూ వేరు. ఈ తేడా పట్టించుకోకుండా మూడింటినీ ఒకే తీరుగా రాయబోయి సంక్రాంతి లోపలే మానేసేవాళ్లు మనలో చాలామంది.

గుర్తుంది అనే ధీమా

హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థం లేని అక్షరాల వరసలు బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత మరిచిపోతున్నాడో తన మీదే పరీక్షించుకున్నాడు. ఆ ఫలితాలు 1885లో అచ్చయ్యాయి. మరుపు మొదటి గంటల్లోనే బాగా తినేస్తుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. ఆదివారం కూర్చుని వారమంతా రాద్దాంలే అనుకునేవాళ్లకు దీనిలోనే జవాబుంది. ఈ రాత్రి రాసే నాలుగు ముక్కల్లో ఉండే సరుకు ఆదివారం రాసే నాలుగు పేజీల్లో ఉండదు.

మరిచిపోవడం కంటే చిక్కైన సంగతి ఇంకొకటుంది. తప్పుగా గుర్తుండటం. 1986 జనవరి 28న అమెరికా అంతరిక్ష నౌక చాలెంజర్ పేలిపోయింది. మర్నాడు ఉల్రిక్ నీసర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆ వార్త ఎక్కడుండగా విన్నారో, ఎవరు చెప్పారో, అప్పుడు ఏం చేస్తున్నారో విద్యార్థులతో కాగితం మీద రాయించి దాచాడు. సుమారు రెండున్నరేళ్ల తర్వాత వాళ్లలో 44 మందిని అవే ప్రశ్నలు మళ్లీ అడిగారు. చాలామంది చెప్పినదానికీ తాము రాసినదానికీ పొంతన కుదరలేదు. తప్పు చెబుతున్నవాళ్లు కూడా మహా ధీమాగా చెప్పారు. కొందరికి వాళ్ల చేతిరాతే చూపిస్తే, రాత నాదే కానీ జరిగింది మాత్రం ఇప్పుడు చెబుతున్నట్టే అన్నారు.

కర్నూలు వాళ్లకు దీన్ని పెద్దగా వివరించనక్కర్లేదు. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర, హంద్రీ ఊళ్లోకి వచ్చిన రోజుల గురించి ఒకే ఇంట్లో ముగ్గురు మూడు కథలు చెబుతారు. నీళ్లు మధ్యాహ్నం వచ్చాయంటాడు నాయన. కాదు, సాయంత్రం దీపాలు పెట్టే వేళకంటుంది అమ్మ. మిద్దె మీదికి మొదట ఎవరు ఎక్కారో, అవ్వను ఎవరు ఎత్తుకొచ్చారో ఏడాదికోసారి వాదన. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఇన్నేళ్లుగా చెప్పిన ప్రతిసారీ ఆ రోజు కొద్దికొద్దిగా మారుతూ వచ్చింది. ఆ వారంలో ఎవరైనా పిల్లల నోట్‌బుక్ చివరి పేజీలో పది వరసలు గీకి ఉంటే ఇప్పుడు ఆ కాగితం విలువ ఎంతో ఊహించుకోండి. నోట్‌బుక్కులు కూడా నీళ్లలోనే పోయాయి అంటే, అదీ నిజమే. దాని సంగతి చివర్లో చెబుతాను.

బరువు దించుకోవడం వేరే పని

డైరీ రాస్తే మనసు తేలికపడుతుంది అనే మాటకు వెనక ఒక అసలైన ప్రయోగం ఉంది. జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ అనే ఇద్దరు పరిశోధకులు 1986లో దాని ఫలితాలు ప్రకటించారు. కాలేజీ విద్యార్థులను నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు రాయమన్నారు. కొందరు తమ జీవితంలో అన్నిటికంటే బాధపెట్టిన సంఘటన గురించి రాశారు, కొందరు మామూలు విషయాలు రాశారు. జరిగినదాన్నీ దాని గురించి తమకు కలిగిన భావాలనూ కలిపి రాసినవాళ్లు తర్వాతి నెలల్లో కాలేజీ ఆసుపత్రికి తక్కువసార్లు వెళ్లారు.

ఈ ప్రయోగాన్ని చెప్పుకునేటప్పుడు అందరూ వదిలేసే సంగతులు కొన్నున్నాయి. రాసిన వెంటనే వాళ్ల మనసు తేలికపడలేదు, ఇంకా బరువెక్కింది. మేలు కనిపించింది తర్వాత, అదీ ఆరోగ్యంలో. ఇంకోటి, వాళ్లు రాసింది నాలుగు రోజులే. 2006లో ఇలాంటి 146 అధ్యయనాలను కలిపి లెక్కగట్టినప్పుడు మేలు ఉందని తేలింది, అయితే సగటున చాలా చిన్నదని కూడా తేలింది. అంటే ఇది ఒక గాయాన్ని తెరిచి శుభ్రం చేసి మూసే పని. చేసి ఆపేయాలి. ఏళ్ల తరబడి ప్రతి రాత్రీ చేసే డైరీకీ దీనికీ చుట్టరికం తక్కువ.

ఒకే బాధను రోజూ రాస్తూ పోతే ఏమవుతుంది? సూసన్ నోలెన్-హోక్సెమా అనే పరిశోధకురాలు జీవితకాలం ఈ ప్రశ్న మీదే పనిచేసింది. జరిగినదాన్నే తిప్పి తిప్పి నెమరువేయడం దిగులును తగ్గించకపోగా పొడిగిస్తుందని ఆమె పరిశోధనలు చూపించాయి. "ఎందుకిలా జరిగింది, నాకే ఎందుకు" అని ప్రతి రాత్రీ రాసుకునే డైరీ ఆ నెమరుకు ఒక పుస్తకం కొనిపెట్టినట్టే. మూడు వారాలు వెనక్కి తిప్పి చూస్తే అదే వాక్యం, అదే మనిషి మీద అదే కోపం కనిపిస్తోందంటే అక్కడితో ఆ విషయం రాయడం ఆపాలి, మనిషితో మాట్లాడాలి. మాట్లాడటానికి మనిషి లేకపోతే 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్లు ఉంటారు. ప్రభుత్వ సేవే, డబ్బులేమీ తీసుకోరు.

పని గురించి రాసేది

ఇక్కడ జ్ఞాపకం వదిలేసేది మధ్యలో జరిగినదాన్ని. అనంతపురం నుంచి బెంగళూరు వెళ్లి ఉద్యోగం చేస్తూ శుక్రవారం రాత్రి బస్సుకు ఇంటికొచ్చే పిల్లలను చూడండి. అప్రైజల్ ఫారం ముందు పెట్టుకుంటే వాళ్లకు గుర్తొచ్చేది గత రెండు నెలల పని, ఎప్పుడో పడిన ఒక తిట్టు. జూన్‌లో మూడు రాత్రులు కూర్చుని సరిచేసిన సమస్య ఊసే ఉండదు. దాన్ని మేనేజర్ మరిచిపోవడం సహజం, చేసినవాడే మరిచిపోవడం విడ్డూరం.

తెరెసా అమాబిలే అనే హార్వర్డ్ ఆచార్యురాలు 7 కంపెనీల్లో 238 మంది ఉద్యోగులతో రోజువారీ నోట్లు రాయించింది. దాదాపు 12,000 నోట్లు పోగయ్యాయి. మనిషికి ఏ రోజు బాగా గడిచినట్టు అనిపించిందో వెతికితే, జీతం పెరిగిన రోజో బాస్ మెచ్చుకున్న రోజో ముందు వరసలో లేదు. చేస్తున్న పని, ఎంత చిన్నదైనా సరే, కాస్త ముందుకు కదిలిన రోజు ఉంది. మేనేజర్లను విడిగా అడిగితే ఆ కారణాన్ని అట్టడుగున పెట్టారు. ఆ చిన్న కదలిక సాయంత్రానికే మసకబారుతుంది కాబట్టి రాసినవాళ్ల కాగితాల్లోనే అది దొరికింది. అందుకే పని డైరీలో "ఈరోజు బిజీ" అని రాయడం దండగ. ఏ పని ఎక్కడి నుంచి ఎక్కడికి కదిలింది, ఎక్కడ ఆగింది, ఎవరి కోసం ఆగింది, అంతే.

పడుకునే ముందు ఏం రాయాలి అనే దాని మీద కూడా ఒక చిన్న ప్రయోగం ఉంది. 2018లో మైకేల్ స్కల్లిన్ బృందం 57 మందిని నిద్రకు ముందు ఐదు నిమిషాలు రాయమంది. సగం మంది ఆ రోజు పూర్తిచేసిన పనులు రాశారు, సగం మంది రేపు చేయాల్సినవి రాశారు. రేపటివి రాసినవాళ్లకు సగటున 9 నిమిషాలు ముందే నిద్రపట్టింది. రేపటి పనులు తలుచుకుంటే టెన్షన్ పెరుగుతుందని మనం అనుకుంటాం. కాగితం మీద పెట్టేశాక వాటిని తలలో మోయాల్సిన అవసరం తగ్గుతుందేమో. 57 మంది అంటే చిన్న లెక్కే, అయినా ఖర్చులేని చిట్కా కాబట్టి చేసి చూడటంలో నష్టం లేదు.

సేద్యం కూడా ఉద్యోగమే, దాని డైరీకి ఇంకా ఎక్కువ అవసరం ఉంది. అనంతపురంలో ఏడాదికి పడేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. మొత్తం ఎంత పడింది అనేదాని కంటే ఎప్పుడు పడింది, రెండు వానల మధ్య ఎన్ని రోజులు ఎండింది అన్నదే శెనక్కాయ పంటను తేలుస్తుంది. ఊడలు దిగే దశలో బెట్ట తగిలితే చెట్టు పచ్చగానే ఉంటుంది, పీకి చూస్తే కాయ ఉండదు. "ఆ ఏడు ముంగారు బాగా కురిసింది" అని చెప్పుకునే సంవత్సరాల్లో కూడా ఆగస్టులో మూడు వారాలు చినుకు లేకపోయి ఉండొచ్చు. ఏ కార్తెలో పదునయింది, ఏ తేదీన విత్తనం పడింది, విత్తనం ఎక్కడిది, మూట ఎంతకు కొన్నాం, ఎకరాకు ఎన్ని మూటలు దిగాయి. ఈ ఐదు సంగతులు ఐదారేళ్లు వరసగా రాసిన రైతు దగ్గర ఉండే సమాచారం తన చేను వరకు ఏ అధికారి దగ్గరా ఉండదు. బోర్లయితే తేదీ, లోతు, ఖర్చు, చోటు చూపినవాడి పేరు. పడని వాటికి కూడా.

సర్కారీ డైరీల గురించి ఒక మాట. మన దగ్గర రోజువారీ రాత ఇప్పటికే కొన్ని ఉద్యోగాల్లో తప్పనిసరి. టీచర్లకు బోధనా డైరీ ఉంది, పోలీసులకు కేసు డైరీ ఉంది. శనివారం సాయంత్రం స్టాఫ్‌రూములో వారం మొత్తం డైరీ ఒకే పెన్నుతో, ఒకే వేగంతో నిండిపోవడం చూసినవాళ్లకు దాని విలువ ఎంతో తెలుసు. తనిఖీ కోసం రాసేది తనిఖీకే పనికొస్తుంది. కేసు డైరీ దర్యాప్తు ఏ రోజుది ఆ రోజు రాయాలని చట్టం అంటుంది. కోర్టు దాన్ని తెప్పించుకుని విచారణలో సాయానికి చూడొచ్చు, అదే సాక్ష్యంగా మాత్రం వాడకూడదు.

సొంత డైరీ కోర్టులో చెల్లుతుందా అని చాలామంది అడుగుతారు, ముఖ్యంగా చేబదుళ్లు ఇచ్చి ఇరుక్కున్నవాళ్లు. క్రమం తప్పకుండా రాసే లెక్కల పుస్తకంలోని పద్దును కోర్టు పరిగణనలోకి తీసుకుంటుంది. అయితే ఒక్క ఆ పద్దును పట్టుకుని ఎదుటివాడిని బాధ్యుణ్ని చేయలేదు, దానికి తోడు వేరే ఆధారం కావాలి. రాజకీయ నాయకులకు డబ్బులిచ్చినట్టు పద్దులున్న జైన్ హవాలా డైరీల కేసులో సుప్రీంకోర్టు 1998లో తేల్చింది ఇదే. విడి కాగితాలు పుస్తకం కిందికి రావని, కుట్టిన పుస్తకాల్లోని పద్దులైనా ఒంటరిగా సరిపోవని చెప్పింది. కానీ ఇంకో వెసులుబాటు ఉంది. సాక్షి బోనెక్కినప్పుడు, సంఘటన జరిగిన వెంటనే తాను రాసుకున్నదాన్ని చూసి జ్ఞాపకం తాజా చేసుకోవచ్చు. కాబట్టి చింపిన కాగితాలు వద్దు, కుట్టిన పుస్తకం, ఏ రోజుది ఆ రోజు, కొట్టివేతలు కనపడేలా.

ఇంటి సంగతులు

ఆఫీసు విషయాలు రాసేటప్పుడు ఎవరు చదువుతారనే భయం తక్కువ. ఇంటి విషయాలకు వచ్చేసరికి అదే మొదటి ప్రశ్న. ఒక బీరువా, దానికి ఒక తాళం, ఆ తాళం అత్తగారి కొంగున ఉండే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల డైరీ రాయడమే ఇంట్లో ఒక వార్త. "ఏం రాస్తాందో ఏమో, మన గురించేనేమో" అని ఆడబిడ్డ తల్లి చెవిలో వేస్తుంది. "మీ మనసులో ఉన్నదంతా నిర్భయంగా రాయండి" అనే సలహా తాళమున్న గది సొంతంగా ఉన్నవాళ్లు ఇచ్చేది.

దీనికి మార్గం దాచిపెట్టడం కంటే రాసే తీరులోనే ఎక్కువ ఉందనుకుంటాను. "అత్తగారు దుర్మార్గురాలు" అని రాస్తే ఎవరైనా చదివితే గొడవ, ఎవరూ చదవకపోయినా ఉపయోగం సున్నా. "మంగళవారం చిన్నమ్మ వాళ్లు వచ్చినప్పుడు సంగటి గట్టిపడిందని అందరి ముందు అన్నారు. నేను మాట్లాడలేదు. రాత్రి అన్నం తినలేదు" అని రాస్తే అది జరిగిన సంగతి. ఎవరు చదివినా కాదనలేరు. ఆరు నెలల తర్వాత చదువుకుంటే మనకే ఏదో ఒకటి తెలుస్తుంది. అలాంటి మాటలు చుట్టాలు వచ్చిన రోజుల్లోనే వస్తున్నాయని, లేదా ఆమెకు మోకాళ్ల నొప్పి పెరిగిన వారాల్లోనే వస్తున్నాయని. విశేషణాల్లో ఇలాంటివి దొరకవు.

మనసు దిగులుగా ఉన్నప్పుడు పాత దిగుళ్లే సులువుగా గుర్తొస్తాయి. గార్డన్ బోవర్ 1981లో దీని మీద రాశాడు. భర్త మీద కోపమొచ్చిన రాత్రి "ఈయన ఎప్పుడూ ఇంతే" అనిపించడం ఈ లెక్కలోదే. ఆ "ఎప్పుడూ" అనే మాటను పరీక్షించగలిగింది పాత పేజీలు మాత్రమే. జ్వరమొస్తే రాత్రంతా కూర్చున్న రోజు, అడగకుండానే పిల్లను స్కూలు నుంచి తెచ్చిన రోజు కూడా అందులో ఉంటే, కోపం పోకపోవచ్చు కానీ "ఎప్పుడూ" అనే మాట మాత్రం నిలబడదు. కొన్ని ఇళ్లలో దీనికి తిరగబడిన ఫలితం కూడా వస్తుంది. "ఆయన మంచోడే, అప్పుడప్పుడు చెయ్యి చేసుకుంటాడు" అని సర్దుకున్న మనిషి పేజీలు తిప్పితే ఆ అప్పుడప్పుడు పది రోజులకోసారి అని తేలుతుంది. అలాంటి చోట తేదీలతో రాసిన నోటు రేపు అవసరపడుతుంది, కానీ దాన్ని ఆ ఇంట్లో ఉంచకూడదు. పుట్టింట్లోనో నమ్మకమైన స్నేహితురాలి దగ్గరో ఉండాలి. మహిళల సహాయ నంబరు 181 ఆ పుస్తకం మొదటి పేజీలో కంటే తలలో ఉండటం మేలు.

ఇంకో మెలకువ. మరీ మండిపోతున్న విషయమైతే "నేను" అని కాకుండా ఇంకొకరి గురించి చెబుతున్నట్టు, పేరు పెట్టి రాసి చూడండి. ఈథన్ క్రాస్, ఓజ్లెమ్ ఐడుక్ అనే పరిశోధకులు దీని మీద చాలా పనిచేశారు. తనను తాను కాస్త దూరం నుంచి చూసుకునేవాళ్లు కోపంలో తక్కువ కొట్టుకుపోతారని వాళ్లకు తేలింది. మొదటిసారి రాసేటప్పుడు నాటకంలా అనిపిస్తుంది. రెండు మూడు సార్లకు అలవాటవుతుంది.

తెల్లవారుజాము కల

తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందని మన దగ్గర గట్టి నమ్మకం. పన్ను ఊడినట్టు వస్తే ఇంట్లో పెద్దవాళ్లకు కీడంటారు, పాము కనిపిస్తే ఒకచోట శుభం, ఇంకోచోట మొక్కు బాకీ. ఈ నమ్మకాన్ని వెక్కిరించడం సులువు. నాకు మాత్రం ఇందులో సగం మంచి పరిశీలనే అనిపిస్తుంది.

1953లో షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియెల్ క్లైట్‌మన్ ఒక సంగతి బయటపెట్టారు. నిద్రలో కొన్ని వేళల్లో మూసిన రెప్పల కింద కళ్లు వేగంగా కదులుతాయి, అప్పుడు లేపితే మనిషి కలను వివరంగా చెప్పగలుగుతాడు. రాత్రంతా సుమారు గంటన్నరకోసారి ఈ దశ వస్తుంది. మొదటిసారి కొద్ది నిమిషాలే ఉంటుంది, తెల్లవారే కొద్దీ పొడుగవుతుంది. అంటే పొడుగాటి, కథలాంటి కలలు ఎక్కువగా వచ్చేది నాలుగు, ఐదు గంటల వేళకే. పాలవాడి కేక, ఆవుల మెడలో గంటలు, మసీదు అజాన్, అన్నీ అప్పుడే. కల మధ్యలో మెలకువ వస్తుంది కాబట్టి అదే గుర్తుంటుంది. ఒంటిగంటకు వచ్చిన కల నిద్రలోనే పోయింది. తెల్లవారుజాము కలకు ప్రత్యేకత ఉందని పెద్దలు కనిపెట్టింది నిజం. నిజమవుతుందన్నది మాత్రం మళ్లీ కొబ్బరికాయ లెక్క.

ఎందుకంటే కలల్లో మంచి కంటే చెడే ఎక్కువ జరుగుతుంది. కాల్విన్ హాల్, రాబర్ట్ వాన్ డి కాజిల్ అనే ఇద్దరు 1966లో వెయ్యి కలలను విడదీసి లెక్కపెట్టారు. అదృష్టం కలిసొచ్చిన కలల కంటే ఏదో కీడు జరిగినవి చాలా ఎక్కువ. వారానికి రెండు మూడు చెడ్డ కలలు వచ్చే మనిషికి, పెద్ద బంధుబలగం ఉన్న ఇంట్లో, ఏదో ఒక కల పక్కన ఏదో ఒక చెడువార్త పడకుండా ఉండదు. పడిన కలను ఇరవై ఏళ్లు చెప్పుకుంటారు. పడనివి లేచి ముఖం కడుక్కునేలోపే పోతాయి.

కాబట్టి కలల డైరీ ఈ నమ్మకానికి పెట్టే పరీక్ష అనుకోండి. కల ముందు రాయాలి, తేదీ వేయాలి, ఏం జరుగుతుందని భయమేసిందో అదీ రాయాలి. మూడు నెలల తర్వాత చూసుకోవాలి. మా బంధువుల్లో ఒకావిడ పళ్లు ఊడే కల వచ్చినప్పుడల్లా కడప పెద్ద దర్గాకు చదివింపులు మొక్కుకునేది. రాయడం మొదలుపెట్టాక ఆ కల నెలనెలా పరీక్ష ఫీజులు, చీటీ డబ్బులు కట్టే వారంలో వస్తోందని ఆమే కనిపెట్టింది. దర్గాకు ఇప్పటికీ వెళ్తుంది, భయంతో మాత్రం వెళ్లదు.

కలను పట్టుకోవడానికి ఉండే వ్యవధి నిమిషాల్లోనే. కల దశలో మెదడులో నోరాడ్రెనలిన్ అనే రసాయనం బాగా తగ్గిపోతుంది, అందువల్లే కొత్త జ్ఞాపకం సరిగా కుదురుకోదని ఒక వివరణ. మెలకువ రాగానే పక్కకు తిరగకుండా, ఫోన్ చూడకుండా అలాగే పడుకుని చివరి దృశ్యం నుంచి వెనక్కి వెళ్లాలి. చివరి ముక్క దొరికితే దాని వెనకది వస్తుంది. తర్వాత నాలుగైదు మాటలు మాత్రం రాసుకుంటే చాలు. "బుగ్గవంక, అబ్బ, ఎర్ర సైకిల్, ఆలస్యమైందనే భయం." మిగతాది టిఫిన్ తర్వాత విడమరచొచ్చు. వాట్సాప్ తెరిచారంటే కల పోయినట్టే. పక్కనవాళ్లు నిద్రపోతుంటే లైటు వేయకుండా ఫోన్లో మాట రికార్డు చేసుకునేవాళ్లున్నారు. గుసగుసగా చెప్పిన ఆ మాటలు పగలు వింటే సగం అర్థం కావు.

ఒకే పీడకల పదేపదే వచ్చేవాళ్లకు రాత ఇంకో రకంగా పనికొస్తుంది. పీడకల చివరను మెలకువలో ఉన్నప్పుడు తమకు నచ్చినట్టు మార్చి రాసుకుని, ఆ కొత్త కథను రోజూ కాసేపు మనసులో ఊహించుకోవడం. ఇది చికిత్సగా వాడుకలో ఉంది. పెద్ద ప్రమాదమో దాడో చూసినవాళ్లకు వచ్చే పీడకలలైతే సొంతంగా చేయబోకుండా డాక్టరు దగ్గరే చేయాలి.

ఇక ఇల్లు కట్టాలని, అబ్బాయిని డాక్టరు చేయాలని మెలకువలో కనే ఆశల సంగతి. తొలకరి పడగానే కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి, పగిడిరాయి పొలాల్లో వజ్రాల కోసం ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. దొరికినవాడు పేపర్లో పడతాడు. చెట్ల కింద వండుకు తిని, కూలి పోగొట్టుకుని వెళ్లినవాళ్ల గురించి వార్త రాదు. పోవద్దని చెప్పను, ఆ వెతుకులాటలో ఉండే ఉత్సాహం నాకూ తెలుసు. వెళ్లిన రోజులు, పోయిన కూలి, బస్సు చార్జీ, దొరికింది ఏమిటి అని ఒక పేజీ ఉంటే, మళ్లీ ఏడాది వెళ్లాలా వద్దా అన్నది పేపరును చూసి కాక ఆ పేజీని చూసి నిర్ణయించుకోవచ్చు. గ్రూప్స్ పరీక్షకు నాలుగో ఏడు కోచింగ్ తీసుకునే పిల్లలకూ ఇదే పేజీ అవసరం.

చిట్టా, ఆవర్జా

మూడింటికీ మూడు స్వభావాలున్నాయి కదా, మూడు పుస్తకాలు పెట్టాలా? పెట్టక్కర్లేదు. ప్రొద్దుటూరు బజారులో పాతకాలం షావుకార్లు చేసినట్టు చేస్తే సరిపోతుంది. ఆ రోజు జరిగిన బేరాలన్నీ వరస తప్పకుండా చిట్టాలో పడేవి. తీరిక దొరికినప్పుడు వాటిని ఎవరి ఖాతాలోకి వాళ్లది ఆవర్జాలో ఎక్కించేవాళ్లు. మన నోట్‌బుక్ ముందు భాగం చిట్టా. పని, ఇల్లు, కల అనే విభజన లేకుండా రోజుకు ఐదారు వరసలు. వెనక భాగం ఆవర్జా. ఆదివారం పావుగంట కూర్చుని, వారంలో నిలవాల్సినవి ఏవో వాటి పేజీల్లోకి ఎక్కించడం. ఎక్కించేటప్పుడు బుధవారం నాటి కోపం ఆదివారానికి ఎంత మిగిలిందో కూడా తెలుస్తుంది. మిగలనిదాన్ని ఎక్కించరు.

కొత్త అలవాటుకు 21 రోజులు చాలని ప్రచారం ఉంది. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 2010లో ప్రకటించిన అధ్యయనంలో సగటు 66 రోజులు, మనిషిని బట్టి 18 నుంచి 254 వరకు పోయింది. మధ్యలో ఒకరోజు తప్పితే అలవాటు చెడలేదు కూడా. తప్పిన రోజుకు ప్రాయశ్చిత్తంగా రెండు పేజీలు రాయబోవడమే మనల్ని మాన్పిస్తుంది. తాళ్లపాక అన్నమయ్య రోజుకు ఒక్కటికి తగ్గకుండా సంకీర్తన చెప్పాడని సంప్రదాయం. అంతటివాడి కొలత కూడా ఒక్కటే.

ఏం రాయాలో తోచనప్పుడు ఏనుగుల వీరాస్వామయ్యను తలుచుకోవచ్చు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ పని, అంటే ఒక భాషలో మాట ఇంకో భాషలోకి చెప్పే పని, చేసిన ఆయన 1830 మేలో కాశీకి బయల్దేరి తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా వెళ్లాడు. ఏ రోజుకారోజు రాసుకుంటూ పోయాడు. ఆయన రాసినవాటిలో ఇప్పుడు మనం వెతుక్కునేది ఏ మజిలీలో నీళ్లు బాగున్నాయి, ఎక్కడ అంగళ్లున్నాయి, దారి ఎలా ఉంది అనే మామూలు సంగతులనే. ఇవాళ కడప ఏడురోడ్ల దగ్గర ఆటో ఎంత అడిగాడు, కిలో టమోటా ఎంత, కరెంటు ఎన్ని గంటలు పోయింది అనేవి రాసేటప్పుడు చాలా చప్పగా ఉంటాయి. అయినా రాయండి.

భాష గురించి బెంగ అక్కర్లేదు. ఇంగ్లీషు మీడియంలో చదివి తెలుగు రాయడం బరువనిపిస్తే ఫోన్లో తెలుగులో చెబితే అదే టైపు చేస్తుంది. సీమ యాసను అది కొంత పాడుచేస్తుంది, సరిదిద్దుకుంటే సరి. కాగితానికి చెదలు, వరద రెండూ శత్రువులే. కర్నూలు తర్వాత 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు రాజంపేట వైపు ఊళ్లలో కాగితాలన్నీ కొట్టుకుపోయాయి. నెలకోసారి పేజీలను ఫోన్లో ఫొటో తీసి, ఇంట్లో లేని ఇంకోచోట కూడా దాచుకుంటే ఆ భయం తగ్గుతుంది. ఇంటి సంగతులున్న పేజీల ఫొటోలు మాత్రం పిల్లలు ఆడుకునే ఫోన్లో పెట్టకండి.

చివరిగా పుస్తకం ఎంపిక. జనవరిలో బ్యాంకు, ఎల్‌ఐసీ ఏజెంటు, ఎరువుల అంగడి ఇచ్చే డైరీలు చూడటానికి బాగుంటాయి కానీ ఈ పనికి నప్పవు. పేజీ మీద తేదీ అచ్చయి ఉంటుంది కాబట్టి రాయని రోజు తెల్లగా మిగిలి నిలదీస్తుంది. ఎక్కువ రాయాలనిపించిన రోజు చోటు చాలదు. ఆదివారానికి సగం పేజీయే ఇస్తారు, మనకు ఎక్కువ చోటు కావాల్సింది ఆ రోజే. రెండు వందల పేజీల గీతల లాంగ్ నోట్‌బుక్ తీసుకుని తేదీ మనమే వేసుకుంటే ఈ బాధ లేదు. ఎరువుల అంగడి డైరీలో కార్తెల తేదీలున్న పేజీ ఉంటే దాన్ని కత్తిరించి నోట్‌బుక్ లోపలి అట్టకు అంటించుకోవచ్చు. మిగతాది పాల లెక్కకు పనికొస్తుంది.